రెండు చేతులూ పట్టే ఫోన్

గీతాంజలి ఫోన్‌లో ముందువైపు కెమెరా పొగ పట్టినట్టయి మూడు నెలలు దాటింది. ఇంకొకరికైతే అదేమంత పెద్ద సంగతి కాదు, సెల్ఫీలు బాగా రావు, అంతే. కానీ గీతాంజలికి పుట్టుకతో చెవులు వినపడవు. ఆమె మాట్లాడేది చేతులతో. ఆ కెమెరా ముందు చేతులు కదిపితే వేళ్లన్నీ కలిసిపోయి పిండిముద్దలా కనపడుతున్నాయి. మదనపల్లెలో ఉన్న శ్రీజ, ఏమన్నావు, మళ్లీ చెప్పు అని మూడుసార్లు అడిగేది. నాలుగోసారి ఇద్దరికీ విసుగొచ్చి కాల్ కట్ చేసేసేవారు.

శ్రీజకూ వినపడదు. ఇద్దరూ బెంగళూరులోనే చెవిటి పిల్లల హాస్టల్లో పదకొండేళ్లు పక్కపక్క మంచాల మీద పెరిగారు. రెండేళ్ల క్రితం శ్రీజకు పెళ్లయి మదనపల్లె వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఉన్నది ఆ ఫోనే.

గీతాంజలి తల్లి పుష్పావతికి ఇవన్నీ పూర్తిగా తెలియవు. బెంగళూరు కె.ఆర్.పురంలో, రైల్వే స్టేషన్ వెనక సందులో వాళ్లది రెండు గదుల ఇల్లు. భర్త ఆదినారాయణప్ప లారీ మీద తిరుగుతూ వారానికొకసారి వస్తాడు. పుష్పావతి ఒక పీజీ హాస్టల్లో వంట చేస్తుంది. ఆమెకు తెలిసిందల్లా ఇంతే: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ప్యాకింగ్ పని నుంచి కూతురు వచ్చి, ఇంత తిని, లోపలి గదిలో ఫోన్‌ను పౌడరు డబ్బాకి ఆనించి కూర్చునేది. కాసేపటికి లోపలి నుంచి నవ్వు వినపడేది. తన నవ్వు తనకు వినపడదు కాబట్టి దాన్ని చిన్నది చేసుకోవడం గీతాంజలికి తెలియదు. గొంతంతా పెట్టి నవ్వేది. పుష్పావతి వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ నవ్వు వినేది. మూడు నెలలుగా ఇంట్లో ఆ నవ్వు లేదు.

ఒక శనివారం గీతాంజలి వచ్చి తల్లి భుజం తట్టింది. తన ఫోన్ చూపించి, చేత్తో పారేసినట్టు చేసి, వేలు తల్లి వైపు చూపింది. కొత్తది కొనాలి, నువ్వు కూడా రా.

పుష్పావతికి నమ్మకం కుదరలేదు. బట్టలు కొనాలన్నా, బ్యాంకుకు వెళ్లాలన్నా కూతురు పని దగ్గరి స్నేహితులతోనే వెళ్తుంది. అమ్మను అడగదు. దుకాణంలో వాళ్లు చెప్పేది వినడానికి ఒక మనిషి కావాలి కాబోలు అనుకుంది. అందుకే పిలిచినా సరే, పిలిచింది కదా. ఆదివారం పీజీలో సగం పూట సెలవడిగి, పెళ్లిళ్లకు కట్టుకునే ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది.

మొబైల్ షాపు పాత మద్రాసు రోడ్డు మీద, మెట్రో స్తంభాలకు ఎదురుగా ఉంది. లోపల ముప్పై దాటిన ఒకాయన ఎదురొచ్చాడు. చొక్కా మీద హేమంత్‌కుమార్ అని పేరు రాసి ఉంది. పుష్పావతి మాట చెవిన పడగానే తెలుగులోకి మారాడు.

"చెప్పండి మేడమ్, మీకా, పాపకా?"

"పాపకప్పా. దానికి చెవులు వినపడవు. నువ్వు నాతో చెప్పు, నేను దానికి చెప్తా," అంది పుష్పావతి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఒక ధీమా ఉంది.

హేమంత్‌కుమార్ తల ఊపి, అలవాటు కొద్దీ ఒక ఫోన్ తీసి పాట పెట్టాడు. "సౌండ్ సూపర్ మేడమ్, రెండు పక్కలా స్పీకర్లు..." అంటూనే నాలుక కరుచుకున్నాడు. గీతాంజలి ఆ ఫోన్ మీద అరచెయ్యి ఆనించి, అదురు చూసుకుని, బాగానే ఉందన్నట్టు తల ఊపి తిరిగిచ్చేసింది.

"సారీ మేడమ్. తనకి ఏం కావాలో ఒకసారి అడగండి."

పుష్పావతి కూతురి వైపు తిరిగింది. తల్లీకూతుళ్ల మధ్య ఇంట్లో పుట్టిన సైగలు ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. తిను, రా, నీళ్లు పోసుకో, తలనొప్పా, నాన్న వచ్చాడు, తలుపు వెయ్యి. నాన్నంటే మీసం. పండగంటే నూనెలో గరిటె తిప్పడం. నీకు ఎట్లాంటి ఫోన్ కావాలి అనడానికి వాటిలో ఏ సైగా లేదు. ఆమె ఫోన్‌ను చూపించి అరచెయ్యి తెరిచి పట్టింది. గీతాంజలి చాలాసేపు చెప్పింది. ముఖం ముందు వేళ్లతో చట్రంలా పట్టడం ఒక్కటే పుష్పావతికి అందింది.

"పెద్ద కెమెరా కావాలంటాదప్పా."

హేమంత్‌కుమార్, వెనకవైపు మూడు కెమెరా కళ్లున్న ఫోన్ తెచ్చి, చంద్రుణ్ణి కూడా దగ్గరగా తీయొచ్చన్నాడు. గీతాంజలి తల అడ్డంగా ఊపింది.

"ఇంగా పెద్దది చూపించప్పా."

నాలుగు కళ్లున్నది వచ్చింది. గీతాంజలి పెద్దగా ఊపిరి వదిలింది. తల్లి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగానే, పక్కకు జరిపింది. తన పాత ఫోన్‌లో ఏదో టైపు చేసి హేమంత్‌కుమార్ కళ్ల ముందు పెట్టింది. అతను పైకి చదివాడు.

"ముందు కెమెరా. వెడల్పుగా రావాలి. రెండు చేతులూ మోచేతుల దాకా పట్టాలి. కదిలినా మసక కాకూడదు." చదివి నుదురు కొట్టుకున్నాడు. "సైన్ లాంగ్వేజా! ముందే చెప్పొచ్చు కదా మేడమ్."

"నాకేం తెల్సప్పా," అంది పుష్పావతి. అని, అరడుగు వెనక్కి జరిగింది. పెళ్లిళ్ల చీర కట్టుకుని మరీ వచ్చిన పని అయిదు నిమిషాల్లో చేజారిపోయింది.

అక్కడి నుంచి వాళ్లిద్దరే చూసుకున్నారు. అతను టైపు చేస్తాడు, ఆమె టైపు చేస్తుంది. ఒక్కో ఫోన్‌ను పెట్టెకు ఆనించి నిలబెట్టడం, ఆమె రెండడుగులు వెనక్కి వెళ్లి చేతులు ఆడించి తెరలో చూసుకోవడం. ఒకదాంట్లో ముఖం చక్కగా వచ్చింది గాని మోచేతులు తెగిపోయాయి. ఇంకొకటి ముఖాన్ని నున్నగా చేసి కనుబొమలను కదలనివ్వలేదు. ఆ చేతుల మాటల్లో ప్రశ్నా, కోపమూ, వెటకారమూ చాలావరకు కనుబొమల్లోనే ఉంటాయని పుష్పావతికి చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు. మూడోది వెనకున్న గోడను మసక చేస్తూ వేళ్ల చివర్లను కూడా గోడే అనుకుని చెరిపేసింది. గీతాంజలి ఆ చెరిగిన వేళ్లను చూసి ముఖం చిట్లించుకుంది. హేమంత్‌కుమార్ ఆ సెట్టింగులన్నీ తీసేసి, లోపలి నుంచి అయిదో ఫోన్ తెచ్చాడు. చూడ్డానికి బండగా ఉంది, పెద్ద పేరున్నదేమీ కాదు. తన సిమ్ అందులో వేయించుకుని గీతాంజలి శ్రీజకు వీడియో కాల్ చేసింది.

శ్రీజ మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఉన్నట్టుంది. మొదట ఆమె వెనక తీగ మీద దుప్పటి కనపడింది, ఫోన్‌ను పిట్టగోడకు ఆనించాక ముఖం. గీతాంజలి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు పైకెత్తి ఏదో అంది. శ్రీజ చేతిలోని చీర జారవిడిచింది. ఒక్క క్షణం కదలకుండా చూసి, తర్వాత రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. కనపడుతున్నావు అంటున్నదని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

ఆ తర్వాత గీతాంజలి మాట్లాడింది.

పుష్పావతి ముందు చుట్టూ చూసింది. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూస్తున్నారు. ఒకావిడ తన పిల్లాడి చెయ్యి పట్టి దగ్గరకు లాక్కుంది. పుష్పావతికి సిగ్గనిపించింది, కొంగు సర్దుకుంది. కానీ కాసేపటికి చుట్టూ ఉన్నవాళ్లు ఆమె మనసులోంచి పోయారు. కూతురి చేతులు అంత వేగంగా కదలడం ఆమె ఎప్పుడూ ఇంత దగ్గరి నుంచి చూడలేదు. ఆ చేతులు ఎవరినో నడిపించాయి, ఎవరినో కూర్చోబెట్టాయి, ఏదో తలుపు తీశాయి. గీతాంజలి భుజాలు వంచి ఒక ముసలి నడక నడిచింది, వెంటనే చేతులు నడుం మీద పెట్టుకుని ఇంకెవరో అయింది. తెరలో శ్రీజ పొట్ట పట్టుకుని నవ్వింది. గీతాంజలి కూడా నవ్వింది, షాపంతా వినపడేట్టు.

ఇంట్లో ఈ పిల్లకు ఉన్న పేరు నెమ్మదస్తురాలు. ఏ పనికీ ఎదురుచెప్పదు, ఏదీ అడగదు అని చుట్టాలు మెచ్చుకుంటారు. పుష్పావతీ అలాగే అనుకుంది, ఇరవై మూడేళ్లు. ఇన్ని కథలు చెప్పే పిల్ల అని, మనుషులను ఇలా అనుకరించి నవ్విస్తుందని, ఎదురుగా ఉన్నవాళ్లను మాట్లాడనివ్వకుండా మధ్యలో అడ్డం పడుతుందని ఆమెకు తెలియదు. నా బిడ్డ వసపిట్ట అనుకుంది.

అంతలో గీతాంజలి గడ్డంతో తల్లి వైపు చూపించి, కుడిచేత్తో తన ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుంది. ఒక్క క్షణం. మళ్లీ మాటల్లో పడింది. తెరలో శ్రీజ కూడా తొంగి చూస్తూ అదే చేసింది, మణికట్టు పట్టుకుని, ఏదీ, ఎక్కడ అన్నట్టు కళ్లెగరేసింది. గీతాంజలి ఫోన్‌ను కాస్త తిప్పింది. శ్రీజ పుష్పావతికి చెయ్యి ఊపింది.

పుష్పావతి కూడా చెయ్యి ఊపింది, నవ్వింది. మూడోసారి కూతురు మణికట్టు పట్టుకున్నప్పుడు ఆ నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది. అది తన పేరు. వాళ్ల భాషలో తనకొక పేరుంది. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

గీతాంజలికి మూడేళ్లప్పుడు వినపడదని తేలింది. మాటలు నేర్పిస్తామనే ఒక చోటికి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన గట్టిగా చెప్పాడు. చేతులతో సైగలు చెయ్యనిచ్చారంటే ఈ పిల్లకు నోరు ఎప్పటికీ రాదు, చేతులు ఆపండి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. పుష్పావతి ఆ మాటను మందులా పట్టుకుంది. రోజూ సాయంత్రం పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు మణికట్లనూ తన ఎడమచేత్తో కలిపి పట్టుకుని, కుడిచేత్తో బిస్కెట్టు చూపిస్తూ, అమ్మా అను, అమ్మా అను అనేది. పిల్ల గింజుకునేది. బిస్కెట్టు కోసం కళ్లతో, గడ్డంతో, కాళ్లతో అడిగేది. రెండేళ్లు అట్లా జరిగింది. ఒకే ఒక్కసారి ఏదో శబ్దం వచ్చింది. అది అమ్మ అన్నట్టే ఉందని పుష్పావతి వీధంతా చెప్పుకుంది. ఆరో ఏట హాస్టల్లో వేశారు. అక్కడ మిగతా పిల్లలు చేతులతో మాట్లాడుతుంటే ఈ పిల్లా నేర్చుకుంది. మీ అమ్మ ఎట్లా ఉంటుంది అని వాళ్లు అడిగి ఉంటారు. ఆరేళ్ల పిల్ల తనకు తెలిసిన గుర్తు చూపించి ఉంటుంది.

గీతాంజలి ఆ బండ ఫోనే తీసుకుంది. తీసుకునే ముందు దాన్ని అరచేతిలో మోగించుకుని, ఎంత అదురుతుందో చూసుకుని, తృప్తిగా తల ఊపింది. హేమంత్‌కుమార్ తెర మీద అద్దం అంటించి ఇస్తూ, "మీ పాప భలే షార్ప్ మేడమ్. మా స్టాఫ్‌కి కూడా ఈ టెస్టింగ్ తెలీదు," అన్నాడు. పుష్పావతి ఊఁ అంది.

పక్కనే చెరుకురసం బండి ఉంటే అక్కడ బెంచీ మీద కూర్చున్నారు. గీతాంజలి కొత్త ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. పుష్పావతి గ్లాసు కింద పెట్టి, కూతురి మోకాలు తట్టింది. కుడిచేత్తో తన ఎడమ మణికట్టు పట్టుకుని, ఆ చేత్తోనే గుండెను చూపించుకుంది. ఇది నేనేనా?

గీతాంజలి ముఖంలో రంగు మారింది. కళ్లు దించుకుంది. అవునన్నట్టు తల ఊపింది. తర్వాత గబగబా కన్నడంలో టైపు చేసి చూపించింది. పుష్పావతి అయిదో తరగతి దాకా చదివింది కన్నడమే. కూడబలుక్కుని చదివింది.

'చిన్నప్పుడు పెట్టిన పేరు. హాస్టల్లో. ఇప్పుడు కోపం లేదు. పేరు అంతే.'

ఆమె చదవడం అయ్యాక గీతాంజలి ఇంకొకటి టైపు చేసింది.

'ఎందుకు పట్టుకున్నావు?'

"ఎందుకంటే ఏం చెప్పేది మా," అంది పుష్పావతి పైకే, తెలుగులో. "ఆయప్ప చెప్పినాడని పట్టుకున్నా. నీకు మాటలొస్తాయని పట్టుకున్నా. నువ్వు ఏడిస్తే నేనూ ఏడిస్తిని. నువ్వు నిద్రపోయినంక ఆ చేతులకి కొబ్బెరి నూనె రాస్తా కూర్చుంటి. నాకేం తెల్సు, నీ మాటలు ఆ చేతుల్లోనే ఉండాయని."

గీతాంజలి తల్లి పెదవుల వంకే చూస్తోంది. ఆమె బళ్లో చదివింది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు ఆమె చెవికీ రాలేదు, కంటికీ రాలేదు. కాసేపు చూసి, కొత్త ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి తల్లి నోటి దగ్గర పెట్టింది. మళ్లీ చెప్పు.

పుష్పావతి చెప్పింది. ఫోన్ అది తెలుగులో రాసి చూపించింది. ఆ అక్షరాలు ఇద్దరికీ రావు. గీతాంజలి ఏదో నొక్కితే కన్నడంలోకి మారింది. ఎవరో పెద్దాయన ఏడుస్తూ తన చేతులకు నూనె రాసుకున్నాడు అని వచ్చింది. గీతాంజలి కనుబొమలు ముడిచి తల్లి వైపు చూసింది. పుష్పావతి తల అడ్డంగా ఊపి, దాన్ని చెరిపెయ్యమని సైగ చేసింది. కన్నడంలో చెబుదామని చూసింది. అంగట్లో మాట్లాడే కన్నడం ఉంది ఆమె దగ్గర, పీజీ ఓనరుతో మాట్లాడే కన్నడం ఉంది. ఈ సంగతి వాటిలో దేంట్లోనూ పట్టలేదు. చివరికి ఫోన్ తీసుకుని, ఒక్కో కన్నడ అక్షరం వెతుక్కుంటూ రెండే మాటలు కొట్టింది. 'తెలీక చేసినాను.'

గీతాంజలి చదివింది. ఖాళీ గ్లాసులు రెండూ తీసుకెళ్లి బండివాడికిచ్చి వచ్చింది. ఇంటికి పోదామని సైగ చేసింది.

ఆ రాత్రి నుంచి కాదు గాని, ఆ వారంలోనే పుష్పావతి నేర్పమని అడిగింది. గీతాంజలి మొదట ఒప్పుకోలేదు. పని నుంచి అలసి వస్తాను, ఇంట్లో కూడా బడి పెట్టలేను అని రాసి చూపించింది. నేర్పింది శ్రీజ. గీతాంజలి కాల్ మాట్లాడుతుంటే పుష్పావతి ఒక పక్కన కూర్చునేది. ఆ కెమెరా వెడల్పుగా ఉంది కాబట్టి ఆమె కూడా తెరలో పడేది. శ్రీజ ఒకనాడు ఉన్నట్టుండి ఆమెకు టొమాటో చూపించింది, చేత్తో ఏదో చేసింది. అలా మొదలైంది. వేళ్లు తిరిగేవి కావు. మజ్జిగ అనబోతే ఇంకేదో అయి స్నేహితురాళ్లిద్దరూ విరగబడి నవ్వేవారు. ఏమన్నానో చెప్పండే అని పుష్పావతి అడిగితే చెప్పేవారు కాదు. వానలు మొదలయ్యే నాటికి ఆమెకు తొంభై, నూరు మాటలు వచ్చాయి. అవి విడివిడిగా చూపిస్తే తెలుస్తాయి. గీతాంజలి మామూలుగా మాట్లాడిందంటే బస్సు కిటికీలోంచి బోర్డులు చదివినట్టే, ఒకటి అందేలోపు నాలుగు దాటిపోతాయి.

ఆ వానల్లోనే ఒక సాయంత్రం, పీజీ వంటింట్లో పుష్పావతి చపాతీ పిండి పిసుకుతూ ఉంది. ఆమెతో పాటు వంట చేసే అలివేలు కూరగాయలు తరుగుతోంది.

"అక్కా, నీ ఫోన్ మోగతా ఉండాది. గీత ఫోటో వచ్చింది," అంది అలివేలు.

కూతురు మెసేజీలు పెడుతుంది, లేటవుతుందనో బస్సు లేదనో. కాల్ చెయ్యడం ఎప్పుడూ లేదు. చేసి ఏం చేస్తుంది? అలివేలుకు రోజూ ఈ వేళకు కూతురు ఫోన్ చేస్తుంది, ఇద్దరూ పది నిమిషాలు కూర గురించి, అత్తగారి గురించి మాట్లాడుకుంటారు. ఆ పది నిమిషాలూ పుష్పావతి పొయ్యి వైపు తిరిగి నిలబడటం అలవాటు చేసుకుంది.

"ఎత్తి నూనె డబ్బాకి ఆనించి పెట్టు అలివేలూ, బేగ పెట్టు," అని పంపు కింద చేతులు పెట్టింది. పిండి వేళ్ల సందుల్లోంచి వదల్లేదు. చేతులకు పిండి ఉంటే నోటికి గుడ్డ కట్టినట్టే కదా అని ఆమెకు అప్పుడు తోచింది. తడి చేతులతోనే వచ్చి ఫోన్ ముందు నిలబడింది.

గీతాంజలి ఏదో షట్టరు కింద నిలబడి ఉంది. వెనక వాన. జుట్టు తడిసింది. తల్లి కనపడగానే రెండు చేతులూ ఎత్తి చెప్పడం మొదలుపెట్టింది. పుష్పావతికి వాన అందింది. బస్సు అందింది. తర్వాత శ్రీజ పేరు అందింది, బుగ్గ మీద వేలితో చిన్న సున్నా. ఆ తర్వాత గీతాంజలి చాలాసేపు ఏదో చెప్పింది. కళ్లు పెద్దవి చేసింది, ఎవరినో అనుకరించింది, వాన వైపు చూపించింది, చివర్న పడీ పడీ నవ్వింది. పుష్పావతి కూడా నవ్వింది, తల ఊపింది. మెల్లగా చెప్పు అని అడగొచ్చు, ఆ మాట ఆమెకు వచ్చు. కానీ మధ్యలో ఆపితే ఆ నవ్వు ఆగిపోతుందేమో అని అడగలేదు. గీతాంజలి చెయ్యి ఊపి కట్ చేసింది.

"ఏమంటాదక్కా?" అంది అలివేలు.

"వానంట. బస్సు రాలేదంట."

"అంతేనా? అంతసేపు చెప్పింది కదా."

"ఇంగా ఏందో చెప్పింది," అంది పుష్పావతి. మళ్లీ పిండిలో చేతులు పెట్టింది.

గీతాంజలి ఇల్లు చేరేసరికి ఎనిమిదైంది. తల తుడుచుకుని అన్నానికి కూర్చుంది. పుష్పావతి కంచం పెట్టి ఎదురుగా కూర్చుని అడిగింది. ఫోన్, నువ్వు, నవ్వు, ఏమిటి? ఒక్కో సైగా సరిగ్గానే చేసింది. గీతాంజలికి అర్థమైంది కూడా. ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి గాల్లో తేలిగ్గా ఊపింది. ఏమీ లేదులే.

ఆ చెయ్యి ఊపడం వాళ్ల హాస్టల్లో పుట్టింది కాదు. ఈ ఇంట్లోదే. చుట్టాలొచ్చి నలుగురూ కూర్చుని దేనికో నవ్వుతుంటే, చిన్న గీతాంజలి తల్లి కొంగు లాగి, ఎందుకు నవ్వుతున్నారు అని ముఖంతో అడిగేది. పుష్పావతి నవ్వు ఆపుకోకుండానే చెయ్యి ఊపేది. ఏమీ లేదులే, తర్వాత చెప్తా. ఆ తర్వాత ఎన్నడూ చెప్పింది లేదు. కొన్నేళ్లకు పిల్ల అడగడం మానేసింది.

పుష్పావతి ఇంకోసారి అడిగింది. చెప్పు. చిన్నదైనా చెప్పు. గీతాంజలి ముద్ద నోట్లో పెట్టుకుంటూ, అయిపోయిందమ్మా అన్నట్టు నవ్వి, చారు వెయ్యమని గిన్నె వైపు చూపించింది.

పుష్పావతి చారు పోసింది. అప్పడం వేసింది. గిన్నెలు తీసెయ్యకుండా అక్కడే కూర్చుని, ముద్దకూ ముద్దకూ మధ్య ఆ చేతులు ఏమైనా అంటాయేమోనని చూస్తూ ఉండిపోయింది.